గుండె వైఫల్యము – మగ్గము పని

ఆస్పత్రి చీటీ మీద "హార్ట్ ఫెయిల్యూర్" అను మాట కనబడగానే మన కుటుంబములలో చాలమంది గుండె ఆగిపోవుచున్నదని భయపడుదురు. ఆనాటి నుండి ఆ మనిషిని మంచము దిగనీయరు. కండె చుట్టనీయరు, వీధిలోనికి పోనీయరు. ఇది ప్రేమచేత చేయు పనియే గాని, దీనివలన మేలు కంటె కీడే ఎక్కువ. షోలాపూరు, భీవండి, సేలము, దొడ్డబళ్ళాపురము, బరంపురము మొదలగు చోట్ల స్థిరపడిన మన నేతకుటుంబములు చాల వరకు చేతి పని మీద బ్రతుకునవే. కనుక ఈ జబ్బులో మనిషి ఎంత పని చేయగలడు, చేయదగును అను విషయమును ప్రతి ఇంటివారును తెలిసికొనవలసి యున్నది.

జబ్బు స్వరూపము

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును గుండె పంపలేకపోవుట, లేదా మిక్కిలి ఒత్తిడి మీద గాని పంపలేకపోవుట. పంపలేని రక్తము వెనుకకు నిలిచి ఊపిరితిత్తులలో నీరు ఊరును, అందుచే ఆయాసము. కాళ్ళలో నీరు దిగును, అందుచే వాపు. గుండె రక్తనాళములు పూడుకొనుట, ఏండ్ల తరబడి అణచని రక్తపు పోటు, మధుమేహము, చిన్నతనములో వచ్చిన కీళ్ళ జ్వరము వలన గుండె కవాటములు చెడుట, అతిగా సారా త్రాగుట – ఇవి ముఖ్య కారణములు.

2013వ సంవత్సరములో తిరువనంతపురము జిల్లా ఆస్పత్రులలో ఈ జబ్బుతో చేరిన 1,205 మంది వివరములను వైద్యులు నమోదు చేసిరి. వారి సగటు వయస్సు 61 సంవత్సరములు. నూటికి 72 మందిలో కారణము గుండె రక్తనాళముల జబ్బే. ఐరోపా, అమెరికా దేశములలో ఈ జబ్బుతో ఆస్పత్రికి వచ్చు వారికంటె మన దేశపు రోగులు సుమారు పదేండ్లు చిన్నవారు. అనగా ఇంకను మగ్గము మీద కూర్చుండి సంసారము నడుపుచున్న వయస్సులోనే ఇది పట్టుకొనుచున్నదన్నమాట.

మనవారు మోసపోవు గుర్తు ఒకటున్నది. దినమంతయు గుంటమగ్గములో కాళ్ళు వ్రేలాడవేసికొని కూర్చుండు వానికి సాయంకాలమునకు పాదములు కొంచెము ఉబ్బుట సహజమని తలచి ఊరకుందురు. కాని రెండు కాళ్ళును వాచి, వ్రేలితో నొక్కినచో గుంట పడి వెంటనే పూడకున్నను, తెల్లవారినను వాపు తీయకున్నను, పడుకొన్నచో ఆయాసము వచ్చి రెండు మూడు తలగడలు కావలసి వచ్చినను, నడిరేయి ఊపిరాడక లేచి కూర్చుండినను – అది మగ్గపు వాపు కాదు. వెంటనే డాక్టరుకు చూపవలెను.

ఎకో లెక్కయే సర్వము కాదు

ఎకో పరీక్ష కాగితము మీద "ఇ.ఎఫ్." అని ఒక అంకె ఉండును. గుండె ఎడమ గదిలో నిండిన రక్తములో ఒక్కొక్క కొట్టుకు నూటికి ఎన్ని పాళ్ళు బయటికి పోవుచున్నదో అది తెలుపును. ఆరోగ్యవంతునికి ఇది సాధారణముగా 55 మొదలు 70 వరకు ఉండును. 40 గాని అంతకు తక్కువ గాని ఉన్నచో గుండె నెట్టు బలము తగ్గినదని అర్థము. కొందరికి ఈ అంకె 50 దాటియున్నను, గుండె గోడలు బిరుసెక్కి సరిగా నిండనందున జబ్బు వచ్చును.

ఈ అంకె చూచి మనిషి శక్తిని నిర్ణయింపరాదు. 30 ఉన్నవాడు బజారుకు నడచి పోవచ్చును. 55 ఉన్నవాడు పది మెట్లు ఎక్కలేకపోవచ్చును. కారణమేమనగా, జబ్బు గుండెతో ఆగదు. రక్తము చాలక, ఆకలి మందగించి, కదలిక తగ్గి, తొడల యందును పిక్కల యందును కండ కరగిపోవును. మిగిలిన కండకు ప్రాణవాయువును వాడుకొను శక్తి తగ్గును. కండ తగ్గిన కొలదిని కొంచెము పనికే ఆయాసము వచ్చును. ఆయాసమునకు భయపడి మనిషి ఇంకను కదలడు. కదలనందున ఇంకను కండ కరగును. గుండె బలహీనత వలన వచ్చిన అశక్తి కొంత, మంచము వలన వచ్చినది కొంత. ఈ రెండవ భాగమును చాలవరకు తిరిగి సంపాదించుకొనవచ్చును.

శక్తిని కొలుచు విధములు

న్యూయార్కు గుండె సంఘము వారు 1928లో మొదట ఏర్పరచిన నాలుగు తరగతుల పద్ధతినే డాక్టర్లు నేటికిని వాడుచున్నారు. మన పనులకు అన్వయించి చెప్పినచో ఇట్లుండును. మొదటి తరగతివాడు ఎప్పటివలె నేయగలడు, ఆయాసము లేదు. రెండవ తరగతివాడు కూర్చున్నప్పుడు సుఖముగనే ఉండును. చాలసేపు నేసినను, నూలు మూట మోసినను అలసిపోవును. మూడవ తరగతివానికి స్నానము, బట్టలు కట్టుకొనుట, ఇంటిలో నాలుగడుగులు నడచుట వంటి చిన్న పనికే ఆయాసము. నాలుగవ తరగతివానికి ఊరక కూర్చున్నను ఆయాసమే.

రెండవది ఆరు నిమిషముల నడక. సమతలమైన దారిలో ఆరు నిమిషములలో ఎన్ని మీటర్లు నడువగలరో డాక్టరు ఎదుట కొలుతురు. 300 మీటర్లు కూడ నడువలేని వారిని మిక్కిలి జాగ్రత్తగా చూడవలసి యుండును. ముసలివారికి మరియొక పరీక్ష గలదు: పడిపోకుండ నిలువగలుగుట, నాలుగు మీటర్లు నడుచుటకు పట్టు కాలము, చేతుల ఊత లేకుండ కుర్చీ నుండి ఐదుసార్లు లేచుట. ఈ మూడింటికి కలిపి 12 మార్కులు.

మూడవది రోగి నోటి మాట. అమెరికాలోని కాన్సాస్ సిటీలో తయారై 2000లో ప్రకటింపబడిన ప్రశ్నావళిలో 23 ప్రశ్నలు ఉన్నవి. వాపు ఎన్ని దినములు బాధించినది, స్నానము స్వయముగా చేయగలిగితిరా, బంధువుల ఇండ్లకు పోగలిగితిరా, జీవితములో సంతోషము తగ్గినదా అను రీతిగా అడిగి, సున్న మొదలు నూరు వరకు మార్కులు వేయుదురు. జీవితపు బాగోగులు కూడ రక్తపు పోటు వలె లెక్కకు వచ్చునవే. కనుక డాక్టరు వద్దకు పోయినప్పుడు "బాగున్నాను" అని ఊరకుండక, "పోయిన నెల గుడి దాక నడచితిని, ఈ నెల వీధి మొగ దాకనే పోగలిగితిని" అని చెప్పవలెను. డాక్టరుకు అది విలువగల సమాచారము.

కదలిక వలన మేలు

ఒకప్పుడు వైద్యులే ఈ రోగులకు నెలల తరబడి మంచపు విశ్రాంతి విధించెడివారు. ఆ అభిప్రాయము మారినది. అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశములలో 2,331 మంది రోగులపై జరిగిన గొప్ప పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. సగము మందికి మామూలు చికిత్సయే చేసిరి. తక్కిన సగము మందికి దానితోపాటు పర్యవేక్షణలో 36 మారులు వ్యాయామము చేయించి, పిమ్మట ఇంటివద్ద సాగించుమనిరి. వ్యాయామము వలన హాని కలుగలేదు. జీవితపు బాగోగుల మార్కులు మొదటి మూడు నెలలలోనే పెరిగి నిలిచినవి. పెరుగుదల కొద్దిదే గాని నిజమైనది.

2021లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరిన 349 మంది వృద్ధులను గూర్చినది. కాలి బలము, నిలకడ, నడక, ఓర్పు – ఈ నాలుగింటిని క్రమముగా నేర్పినవారికి మూడు నెలలకు పైన చెప్పిన 12 మార్కులలో సగటున 8.3 వచ్చినవి, నేర్పని వారికి 6.9 వచ్చినవి. మరల ఆస్పత్రిలో చేరుట మాత్రము తగ్గలేదు. కదలిక జబ్బును మాన్పదు. మనిషిని తన కాళ్ళ మీద తాను నిలుపును.

మగ్గము పని – మెలకువలు

వాపు, ఆయాసము మందులతో అదుపులోనికి వచ్చిన తరువాత, డాక్టరు అనుమతితోనే మొదలుపెట్టవలెను. మొదట ఇంటి ముంగిట ఐదు నిమిషముల నడక, దినమునకు రెండు మూడు మారులు. వారమునకు కొన్ని నిమిషముల చొప్పున పెంచవలెను, వేగము పెంచకూడదు. నడచునప్పుడు ప్రక్కవానితో మాటలాడగలిగినచో పాళము సరిపోయినట్లు. మాట తెగిపోవుచున్నచో తగ్గించవలెను. భోజనము చేసిన వెంటనే నడువరాదు. కుర్చీ నుండి లేచి కూర్చుండుట ఐదారు మారులు చేసినచో తొడలకు బలము వచ్చును.

పనిలోనికి తిరిగి వచ్చువారు ముందు కండెలు చుట్టుట, ఆ పిమ్మట తేలిక మగ్గము, గంట పని, అర గంట విశ్రాంతి – ఈ వరుసను పాటించుట మంచిది. జకార్డు మగ్గము తొక్కుటకు కాలి బలము ఎక్కువ కావలెను గనుక దానిని చివరకు ఉంచుకొనవలెను. ఊపిరి బిగబట్టి బరువులెత్తరాదు. ఎండలో పడుగు చాపి గంజి పెట్టు పనిని ఇతరులకు అప్పగింపవలెను. మరమగ్గముల షెడ్డులో రాత్రి పాళీ చేయువారు పగటి పాళీకి మార్చుకొనుటకు ప్రయత్నింపవలెను. మనకు చీరకింత అని కూలి గనుక తొందరపడుట సహజము. కాని ఒకనాటి తొందరకు నాలుగు దినములు మంచమెక్కుటకంటె, దినమునకు రెండు మూరలు నేయుటయే లాభము.

ప్రతి ఉదయము మూత్రవిసర్జన తరువాత, ఫలహారమునకు ముందు బరువు చూచుకొని వ్రాసికొనవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆనాడు నడక మాని డాక్టరును చూడవలెను. గుండె నొప్పి, తల తిరిగి పడిపోవుట, కూర్చున్నను తగ్గని ఆయాసము – వీనిలో ఏది వచ్చినను క్షణము ఆలస్యము చేయరాదు.

మందులు, ఉప్పు

ఇ.ఎఫ్. తగ్గినవారికి నేడు నాలుగు తరగతుల మందులు కలిపి ఇచ్చుచున్నారు. వీనిలో కడపటిది మొదట మధుమేహమునకు వచ్చిన మందు. 2019, 2020 సంవత్సరముల పరిశోధనల తరువాత మధుమేహము లేని గుండె రోగులకును ఇచ్చుచున్నారు. పలు మందులు జన ఔషధి కేంద్రములలో తక్కువ ధరకు దొరకును. ఒంటికి తేలికయైనదని మందు మానుట ప్రమాదము. నీటి మాత్ర వేసికొన్నచో మాటిమాటికి మగ్గము దిగవలసి వచ్చునని కొందరు దానిని ఎగవేయుదురు. అట్లు చేయక, ఏ వేళకు వేసికొనవలెనో డాక్టరును అడుగుట మేలు.

నడుము నొప్పికి మనవారు అంగడిలో కొనివేసికొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు శరీరములో ఉప్పును, నీటిని నిలువ చేయును. ఈ జబ్బువారు వానిని ముట్టరాదు. ఊరగాయ, అప్పడము, వడియము, ఎండుచేప – వీనిలో ఉప్పు అధికము. "తక్కువ సోడియము ఉప్పు" అని అమ్మునదానిలో పొటాషియము ఉండును. కొన్ని గుండె మందులతో అది చేరినచో ప్రాణాపాయము కలుగవచ్చును గనుక అడుగకుండ వాడరాదు. బీడీ, పొగాకు, సారా పూర్తిగా మానవలెను.

ఇంటివారు, సంఘములు

పని పోయిన నేతగానికి జబ్బు కంటె, ఎవరికిని అక్కరకు రాననెడి దిగులు ఎక్కువ. ఆ దిగులుతో తిండి, మందు, నడక అన్నియు మూలబడును. ఇంటివారు అతనిని అడుగకుండ అన్ని పనులును లాగికొనక, అతనికి తగిన పనిని అతనికి విడువవలెను. రంగుల పొంతన చూచుట, పిల్లలకు పడుగు అతుకుట నేర్పుట, కండెలు చుట్టుట – ఇవియు మగ్గపు పనులే గదా.

స్థానిక సంఘములవారు కార్యాలయములో ఒక బరువు తూచు యంత్రమును, రక్తపు పోటు చూచు యంత్రమును ఉంచినచో ఖర్చు స్వల్పము, ఉపయోగము మిక్కుటము. ఉదయము నలుగురు రోగులు కలిసి నడుచుటకు నీడగల చోటు, నడుమ కూర్చుండుటకు ఒక బల్ల చూపినచో ఇంకను మంచిది. ఇంటిలో ఇట్టి రోగి ఉన్న సోదరులు ఈ సంగతులను వారికి చదివి వినిపించి, రాబోవు మారు ఆస్పత్రికి పోయినప్పుడు "నేనెంత దూరము నడువవచ్చును, ఏ పని చేయవచ్చును?" అని తప్పక అడిగి రావలెనని మా మనవి.