ఎంఓయూ 43

రద్దు డిమాండ్లతో వార్తలకెక్కిన ఎంఓయూ 43 అంటే, థాయ్‌లాండ్, కంబోడియాల భూసరిహద్దును కొలిచి హద్దురాళ్లు పాతేందుకు 2000 జూన్‌లో కుదిరిన అవగాహన ఒప్పందం. థాయ్‌ల బౌద్ధ శకంలో ఆ ఏడాది 2543, పేరులోని 43 అదే. నాడు కంబోడియాను ఏలిన ఫ్రెంచివారితో 1904, 1907లలో కుదిరిన ఒప్పందాలు, నాటి పటాల ఆధారంగా ఉమ్మడి సరిహద్దు కమిషన్ కొలతలు తీయాలి. అవి పూర్తయ్యేదాకా సరిహద్దు ప్రాంతాన్ని మార్చే పనులేవీ ప్రభుత్వ సంస్థలు చేపట్టకూడదు.

ఆ 1:2,00,000 స్కేలు పటాలు కంబోడియాకే అనుకూలమని, ఇరుదేశాల మధ్య 2025 జులై పోరును ఒప్పందం ఆపలేకపోయిందని థాయ్‌లాండ్‌లో రద్దు కోరేవారి వాదన. రెండో మాట కాదనలేనిది. లక్షల మంది ఊళ్లు విడిచారు. కానీ సరిహద్దులోని ప్రీహ్ విహార్ ఆలయం కంబోడియాదని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది అలాంటి పటం ఆధారంగానే. ఒప్పందాన్ని కొట్టేసినా పటం ఉంటుంది, కలిసి కొలిచే ఏర్పాటే పోతుంది. రద్దు కోరేవారు ముందు దానికి ప్రత్యామ్నాయం చూపాలి.