గాలి లెక్క గడిలోనే ఉంది!

ఆషాఢ గాలికి గద్వాలలో ఆరేసిన చీర తీగ మీద నిలవదు. అదే రోజు నాగర్‌కర్నూల్ వైపు నల్లమల కొండల చాటున ఆకు కూడా కదలకపోవచ్చు. మరి రేపటి గాలిని కంప్యూటర్ ఎలా చెబుతుంది?

భూమిని గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక సగటు వేగం లెక్కగడుతుంది. గడి 12 కిలోమీటర్లయితే 144 చదరపు కిలోమీటర్లకు ఒకటే అంకె. జూరాల నీళ్లూ, పక్కన పొలాలూ, గుట్టలూ అందులో ఒకటే ముద్ద! 2025 మేలో మొదలైన మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడిని 6 కిలోమీటర్లకు తగ్గించింది. గడి సగమైతే లెక్కల పని దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

అంత శ్రమ ఎందుకంటే, గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. సెకనుకు 6 మీటర్లు అనుకున్న గాలి 5 మీటర్లే వీస్తే, ఆ శక్తి 40 శాతానికి పైగా పడిపోతుంది. గాలిమరల కంపెనీలేమో రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఎంత కరెంటు ఇస్తామో ముందే చెప్పాలి. హద్దు దాటి తప్పితే డబ్బు కట్టాలి. తుంగభద్ర దాటితే కర్నూలు, అనంతపురం గాలిమరలకు ఇది రోజువారీ తిప్పలే.

అలాగని గడి చిన్నదైతే చాలదు. ఈదురుగాలిని పసిగట్టి, వేళ అరగంట తప్పు చెబితే రెండు తప్పులు: లేనప్పుడు ఉందన్నది, ఉన్నప్పుడు లేదన్నది. అందుకే అంచనాలను గాలిమర ఎత్తులో కొలిచిన గాలితో సరిచూస్తారు. నడిగడ్డ గాలి సూపర్ కంప్యూటర్‌కు తెలియాలంటే, ముందు నడిగడ్డలో దాన్ని కొలవాలి.