ఎమ్మెస్సీ, బీఈ రెండూ ఒకేసారి: రాజోలు నుంచి డ్యూయల్ డిగ్రీకి వెళ్ళిన నా కథ

పోయిన ఎపిసోడ్ కింద మలికిపురం నుంచి ఒక తమ్ముడు పెద్ద మెసేజ్ పెట్టాడు. "అక్కా, నాకు బిట్స్ హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వచ్చేలా ఉంది. ఇక్కడ దగ్గర్లో కాలేజీలో సీఎస్ఈ కూడా వస్తుంది. నాన్నగారు ఆదివారంలోపు ఏదో ఒకటి తేల్చమంటున్నారు. ఎమ్మెస్సీలో చేరితే సెకండ్ ఇయర్‌లో ఇంజినీరింగ్ గ్యారంటీగా ఇస్తారంట కదా?" అని.

తమ్ముడూ, ఆ "గ్యారంటీగా" అన్న మాట దగ్గరే మనం కాసేపు ఆగాలి. సరిగ్గా ఆ మాట నమ్మే నేను వెళ్ళాను. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం నీకోసమే అనుకో.

ముందు అసలు ఇదేంటో తెలియనివాళ్ళకి చెప్తాను. బిట్స్ పిలానీ అంటే రాజస్థాన్‌లో 1964లో డీమ్డ్ యూనివర్సిటీగా మొదలైన సంస్థ. మనకి దగ్గరగా ఉండే హైదరాబాద్ క్యాంపస్ శామీర్‌పేట వైపు, జవహర్‌నగర్‌లో ఉంటుంది. అది 2008లో పెట్టారు. అక్కడ బీఈ కోర్సులతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ, ఎకనామిక్స్‌లో ఎమ్మెస్సీ ఉంటుంది. డిగ్రీ అయ్యాక చేసే ఎమ్మెస్సీ కాదండి ఇది. ఇంటర్ అయిపోగానే నేరుగా చేరే ఎమ్మెస్సీ, నాలుగేళ్ళు. ఈ ఎమ్మెస్సీలో చేరినవాళ్ళు ఫస్ట్ ఇయర్ అయ్యాక ఒక బీఈ బ్రాంచి కూడా అడగొచ్చు. వస్తే మొత్తం ఐదేళ్ళు, చేతికి రెండు డిగ్రీలు. దీన్నే డ్యూయల్ డిగ్రీ అంటారు.

ఎంట్రన్స్ పేరు బిట్‌శాట్. 130 ప్రశ్నలు, మూడు గంటలు, కరెక్ట్ అయితే మూడు మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. మొత్తం 390. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 75 శాతం ఉండాలి, ఒక్కోదాంట్లో 60కి తగ్గకూడదు. మేనేజ్‌మెంట్ కోటా లేదు. ఎవరైనా "సీటు మాట్లాడి పెడతాం" అని ఫోన్ చేస్తే కట్ చేసేయండి. ఎమ్మెస్సీకి కటాఫ్ సీఎస్ఈ కంటే చాలా తక్కువ ఉంటుంది. అందుకే చాలామంది ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి, సెకండ్ ఇయర్‌లో సీఎస్ఈ పట్టుకుందాం అనుకుంటారు. నేనూ ఆ బాపతే.

మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరండి. నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తారు. అమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. మన వైపు చాలా ఇళ్ళలో ఇదే కథ కదా. ఇంటర్ అయ్యాక ఒక కన్సల్టెన్సీ ఆయన, పేరు వద్దులెండి, ఐదు వేలు తీసుకుని మాకు కౌన్సెలింగ్ ఇచ్చాడు. "అమ్మాయిని ఎమ్మెస్సీలో వేసేయండి, సెకండ్ ఇయర్‌లో కంప్యూటర్ సైన్స్ ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది" అన్నాడు. నాన్న రెండుసార్లు అడిగారు, "ఆటోమేటిక్‌గానే కదండీ?" అని. "ఆయ్" అన్నాడు. చిన్న కాగితం మీద కూడా రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉంది.

ఆటోమేటిక్ అన్నది అబద్ధం. బీఈ బ్రాంచి పోటీలో ఇస్తారు. ఎమ్మెస్సీలో చేరినవాళ్ళందరినీ ఫస్ట్ ఇయర్ సీజీపీఏ ప్రకారం వరసలో పెట్టి, పైనుంచి కిందికి అడుగుతూ వస్తారు. సీఎస్ఈ సీట్లు ముందు అయిపోతాయి, తర్వాత ఎలక్ట్రానిక్స్, అలా కిందికి. కటాఫ్ ప్రతి ఏడాదీ మారుతుంది, ఆ ఏడాది ఎవరు ఎంత చదివారో దాన్నిబట్టి. అంటే బిట్‌శాట్ అయిపోయాక ఇంకో ఎంట్రన్స్ ఉందన్నమాట. దాని పేరు ఫస్ట్ ఇయర్. అది మూడు గంటలు కాదు, రెండు సెమిస్టర్లు.

ఈ సీజీపీఏ లెక్క కొంచెం అర్థం చేసుకోండి, ఎవరూ ముందు చెప్పరు. ప్రతి సబ్జెక్టుకి యూనిట్లు ఉంటాయి. ఏ గ్రేడ్ వస్తే 10 పాయింట్లు, ఏ మైనస్‌కి 9, బీకి 8, బీ మైనస్‌కి 7, సీకి 6, సీ మైనస్‌కి 5, డీకి 4. ఇప్పుడు నాలుగు యూనిట్ల సబ్జెక్టులో సీ మైనస్ వచ్చిందనుకోండి, నాలుగైదులు ఇరవై. ఒక యూనిట్ ల్యాబ్‌లో ఏ వచ్చింది, పది. మొత్తం ముప్పై, ఐదు యూనిట్లతో భాగిస్తే 6. ఐదూ పదీ కలిపి సగం చేస్తే ఏడున్నర అనుకుంటాం కదా, కాదు. నేను ఫస్ట్ సెమ్‌లో ల్యాబ్ రికార్డులకి రంగు పెన్నులతో బొమ్మలు వేస్తూ కూర్చున్నాను. నాలుగు యూనిట్ల కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌ని వదిలేశాను.

ఇంకోటి, అక్కడ గ్రేడింగ్ రిలేటివ్. 90 వస్తే ఏ, 80 వస్తే బీ అని గోడ మీద రాసి ఉండదు. క్లాసు సగటు 42 వస్తే, 60 తెచ్చుకున్నవాడు హాయిగా ఉంటాడు. క్లాసు సగటు 75 అయితే అదే 60 తెచ్చుకున్నవాడు ఏడుస్తాడు. ఇంటర్‌లో 1000కి 970 వచ్చిన మనకి ఇది మింగుడుపడదు. పైగా అటెండెన్స్ కంపల్సరీ కాదు. ఇంటర్‌లో ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు స్టడీ అవర్‌లో కుర్చీకి కట్టేసినట్టు చదివినవాళ్ళకి, ఒక్కసారిగా "నీ ఇష్టం" అంటే ఏమవుతుందో ఊహించండి. నాకైతే ఇంకో సమస్య, క్లాసులో ఇంగ్లీషు వేగం. పక్కవాళ్ళు నవ్వితే నేనూ నవ్వేదాన్ని, జోకు ఏంటో తెలియకుండానే.

ఫస్ట్ సెమ్‌లో 5.9 వచ్చింది. నాన్నకి ఫోన్‌లో చెప్పలేదు. సంక్రాంతికి ట్రైన్ ఎక్కి పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన మీద బస్సులో వస్తుంటే కింద వశిష్ఠ గోదావరి, మంచు. వంతెన దాటేలోపు ఏం చెప్పాలో తేల్చుకుందాం అనుకున్నాను, వంతెన అయిపోయింది గానీ మాట దొరకలేదు. ఇంట్లో అన్నం తింటుంటే చెప్పాను. నాన్న చేయి కడుక్కుని వచ్చి, "ఆటోమేటిక్ అన్నాడు కదే" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండో సెమిస్టర్‌లో 8.2 తెచ్చుకున్నాను. రెండూ కలిపితే 7 కొంచెం దాటింది. సీఎస్ఈ రాలేదు. కెమికల్ ఇంజినీరింగ్ వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్లస్ బీఈ కెమికల్. "రెండూ ఒకటే కదా, ఒకటే డబ్బుకి రెండుసార్లు చదువుతావా?" అన్నాడు మా మామయ్య. నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.

ఒకటి కాదండి. ఇక్కడ కొంచెం టైం తీసుకుంటాను, ఎందుకంటే ఈ తేడా తెలియకుండా డ్యూయల్ చేరకూడదు.

మన ఊళ్ళో పెళ్ళి వంట చూశారు కదా. ఇంట్లో అమ్మ గ్లాసు బియ్యం వండడానికీ, పెళ్ళిలో గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో వండడానికీ బియ్యం అదే, నీళ్ళు అవే. కానీ వంట మేస్త్రి మంట ముందే తీసేస్తాడు. వార్చిన అన్నాన్ని చాపల మీద గుడ్డ పరిచి ఆరబోస్తాడు. ఎందుకు? పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పది రెట్లు పెంచితే లోపల పట్టేది వెయ్యి రెట్లు పెరుగుతుంది, వేడి బయటికి పోయే ఉపరితలం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. లోపలి వేడికి బయటికి దారి లేదు. మంట తీసినా ఉడుకుతూనే ఉంటుంది. టెస్ట్ ట్యూబులో బుద్ధిగా ఉన్న రియాక్షన్ పెద్ద రియాక్టర్‌లో పేలడానికి కూడా ఇదే కారణం. రియాక్షన్ ఎందుకు జరుగుతుంది, ఎంత వేడి వస్తుంది అన్నది కెమిస్ట్రీ. ఆ వేడిని ఎటు పంపాలి, ఎంత పైపు వేయాలి, పంపు ఆగిపోతే ఏం చేయాలి అన్నది కెమికల్ ఇంజినీరింగ్.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ పాశర్లపూడి. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది, 65 రోజులు మండింది. అమ్మ చెప్పేది, రాత్రిళ్ళు వెలుగు కనిపించేదని, కొబ్బరి చెట్ల నీడలు రాత్రిపూట పడేవని. చిన్నప్పుడు నాకు అది దెయ్యం కథలా ఉండేది. ఫోర్త్ ఇయర్‌లో బావుల గురించి చదువుతుంటే ఒక్కసారిగా అర్థమైంది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకీ దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. రెండున్నర కిలోమీటర్ల లోతులో 250. అక్కడున్న గ్యాస్ ఒత్తిడి అంతకన్నా ఎక్కువ ఉంటే నీళ్ళు దాన్ని ఆపలేవు. అందుకే బావిలోకి బరువైన బురద పంపుతారు, డ్రిల్లింగ్ మడ్ అంటారు. ఆ బరువు కోసం కలిపేది ముగ్గురాయి, అంటే బెరైటీస్. నీటికంటే నాలుగు రెట్లకి పైగా బరువు. అది ఎక్కడిది అనుకుంటున్నారు? మన రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి ఉంది. బురద బరువు తక్కువైతే గ్యాస్ తన్నుకొస్తుంది. మరీ ఎక్కువైతే చుట్టూ రాయి పగిలి బురదే లోపలికి పోతుంది. ఆ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడవాలి.

ఆ బురదలో ఏ రసాయనం వేస్తే అది చిక్కగా ఉండి, పంపులో మాత్రం పలచగా పారుతుందో చెప్పేది నా ఎమ్మెస్సీ. ఎంత వేగంతో పంపాలో చెప్పేది నా బీఈ. ఆ రోజు రాత్రి లైబ్రరీ నుంచి కువైట్‌కి ఫోన్ చేసి అమ్మకి ఇదంతా చెప్పాను. సగం అర్థమైందో లేదో గానీ, "అంటే ఆ మంట ఎందుకు ఆరలేదో నీకు తెలుసన్నమాట" అంది.

సరే, మళ్ళీ డబ్బు దగ్గరికి వద్దాం. ఫీజులు లక్షల్లోనే, ఏటా పెరుగుతాయి కాబట్టి వెబ్‌సైట్‌లో ఈ ఏడాదివి చూసుకోండి. నేను చెప్పేది ఐదో ఏడాది గురించి. మీ ఫ్రెండ్స్ నాలుగేళ్ళలో ఉద్యోగంలో చేరి జీతం తెచ్చుకుంటున్నప్పుడు మీరు ఇంకో ఏడాది ఫీజు, హాస్టల్ కడుతుంటారు. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే చదువు అయ్యేవరకు వాయిదాలు ఉండవు గానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. మెరిట్ కమ్ నీడ్ అని ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఫీజులో రాయితీ ఉంది, దానికి ఆదాయ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. కానీ అది నిలబడాలంటే కూడా సీజీపీఏ కావాలి. అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

చదువు భారం కూడా ఉంది. సెకండ్ ఇయర్ నుంచి రెండు డిపార్ట్‌మెంట్ల పేపర్లు రాయాలి. టైంటేబుల్ ఢీకొంటుంది, ఒకే వారంలో ఏడెనిమిది పరీక్షలు పడతాయి. దానికి బదులుగా చివరి ఏడాది బాగుంటుంది. ఒక సెమిస్టర్ ప్రాక్టీస్ స్కూల్ పేరుతో కంపెనీలో పని, ఇంకోటి థీసిస్, అలా చేసుకునే వీలుంది. నేను అదే చేశాను. ఇప్పుడు ఒక ఫార్మా కంపెనీలో ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో ఉన్నాను. ల్యాబ్‌లో గ్రాముల్లో వచ్చిన మందుని కిలోల్లోకి తేవడం. గుండిగ వంట, అంతే.

సైన్స్ ఇష్టం ఉంటే వేరే దారులూ ఉన్నాయి. తిరుపతి ఐసర్ 2015లో వచ్చింది, అక్కడ బీఎస్-ఎంఎస్ ఐదేళ్ళు, పూర్తిగా సైన్స్, పరిశోధన వైపు. ఇంకోటి, 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని చెప్పింది. అప్పటినుంచి ఇక్కడ బీటెక్ చేస్తూ, ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కూడా చదువుతున్న పిల్లలు కనిపిస్తున్నారు. ఖర్చు తక్కువ, ఊరు వదలక్కర్లేదు. పరీక్షలకి మాత్రం సెంటర్‌కి వెళ్ళాలి. ఓపిక ఉండాలి మరి.

ఇక మలికిపురం తమ్ముడూ, నీ ప్రశ్న. నువ్వు మెసేజ్‌లో సీఎస్ఈ అన్న మాట ఆరుసార్లు రాశావు. కెమిస్ట్రీ అన్న మాట ఒక్కసారి, అదీ కోర్సు పేరులో. నీకు కావాల్సింది సీఎస్ఈ ఒక్కటే అయితే, దగ్గర్లో మంచి ల్యాబులు, టీచర్లు ఉన్న కాలేజీలో నేరుగా సీఎస్ఈలో చేరు. కెమిస్ట్రీతో నాలుగేళ్ళు, నీకు రాని ఇంకో బ్రాంచితో ఐదేళ్ళు ఉండగలవా అని నిన్ను నువ్వు అడుగు. "సీఎస్ఈ రాకపోయినా ఫర్వాలేదు" అని నాన్నగారి ఎదురుగా పైకి అనగలిగితే బిట్స్‌కి వెళ్ళు. అనలేకపోతే వద్దు. నన్ను ఆ రోజు ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను అనలేకపోయేదాన్ని. అయినా వెళ్ళాను, కెమికల్ నాకు కలిసొచ్చింది. నా బ్యాచ్‌లో అలా కలిసిరానివాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళలో ఒకమ్మాయి థర్డ్ ఇయర్‌లో బీఈ వదిలేసి ఎమ్మెస్సీ ఒక్కటే పూర్తి చేసుకుని వెళ్ళిపోయింది.

నాన్నగారికి ఈ వీడియో చూపించు. ఆదివారంలోపు ఇంకా డౌటు ఉంటే శనివారం రాత్రి ఎనిమిదికి లైవ్‌లోకి వస్తాను, ఆయన్నే మాట్లాడమను. ఇంటర్ మెమో, బిట్‌శాట్ స్కోరు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఉంటానండి మరి.