ఇంజను దిమ్మకు వేఱు నూనె పంపు అమర్చుట



ఊడ్పుల కాలమున ఇంజను నిలిచిపోయిన రైతు పడు ఆవేదన చెప్పనలవి కాదు. నారు ముదురుచుండును, కూలీలు గట్టుమీద కూర్చుండియుందురు, మురుగు కాలువలో నీరున్నను చేనికి ఎక్కదు. కృష్ణా డెల్టా చివరి భూములలోను, కరెంటు తీగ చేరని మెరకలలోను డీసెలు ఇంజనుపై ఆధారపడినవారు నేటికిని కలరు. అట్టివారు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "మా ఇంజనులోని నూనె పంపు అరిగిపోయినది. ఆ రకము పంపు ఇప్పుడు దొరకుట లేదు. వేఱొక ఇంజను పంపును, దిమ్మకు కొంత కోత పెట్టి, బిగింపవచ్చునా?"

బిగింపవచ్చును. నేర్పరియైన ఫిట్టరునకు అది అసాధ్యమైన పని కాదు. కాని పంపు పాడైనచో మఱియొకటి కొనవచ్చును. పోత ఇనుప దిమ్మను ఒకసారి కోసిన పిమ్మట మరల అతికించుట మిక్కిలి కష్టము. అందుచేత ఏయే విషయములు చూచి ఈ పనికి పూనుకొనవలెనో, ఎప్పుడు పూనుకొనరాదో ఈ వ్యాసమున వివరించెదను.

నూనె పంపు చేయు పని

ఇంజనులోని క్రాంకు ఇరుసును బేరింగును ఒకదానినొకటి తాకుచు తిరుగునని పలువురు తలంతురు. చక్కగా నడచు ఇంజనులో అవి తాకవు. తలవెండ్రుక కంటె సన్నని నూనె పొర వాని నడుమ నిలిచి బరువంతయు మోయును. ఆ పొరను ఎడతెగక నిలుపుటయు, రాపిడివలన పుట్టిన వేడిని తీసికొనిపోవుటయు నూనె పంపు పని.

1929లో ఇంగ్లాండు దేశమునందలి డర్స్‌లీ పట్టణపు లిస్టరు సంస్థవారు విడుదల చేసిన, తక్కువ వేగముతో తిరుగు ఇంజనును, దాని పోలికతో గుజరాతులోని రాజకోటలో తయారైన ఇంజనులను మన పెద్దలు ఎఱుగుదురు. అందు రాడ్డు క్రింది తలకున్న చెంచావంటి కొమ్ము నూనెలో మునిగి చిమ్ముటచేతనే ఆ తలలోని బేరింగు తడియుచుండెను. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజనులు పెక్కింటిలో ఈ చిమ్ముడు చాలదు. అందుచే నూనెను పంపుతో ఒత్తి, దిమ్మలోని సన్నని దారులగుండ బేరింగులకు పంపుదురు.

ఈ పంపులోపల రెండు పండ్ల చక్రములు కలిసి తిరుగును. నూనె ఆ రెంటి నడుమనుండి పోవునని చూచువారికి తోచును. అది నిజము కాదు. నూనె పండ్ల సందులలో చేరి, పెట్టె గోడల వెంబడి చక్రముల వెలుపలి అంచుతో చుట్టి వచ్చును. నడుమ పండ్లు కలిసికొనుచోట వెనుకకు పోవు దారి మూసికొనియుండుటచే అది ముందరి రంధ్రముగుండ పోక తప్పదు. చక్రముల ప్రక్కలకును మూతకును నడుమ సందు సాధారణముగా మిల్లీమీటరులో 5 మొదలు 10 నూఱవ వంతులు మాత్రమే యుండవలెను. ఇంతకు మించి అరిగినచో నూనె లోలోపలనే వెనుకకు జాఱిపోవును.

పంపు మార్పక పూర్వము

ఒత్తిడి ముల్లు దిగిపోగానే పంపు చెడినదని నిశ్చయించుట పొరపాటు. పంపు నూనెను త్రోయును. ఒత్తిడి పుట్టునది ఆ నూనెకు బేరింగులలో కలుగు అడ్డు వలన. బేరింగు అరిగి సందు పెరిగినచో నూనె సులభముగా కాఱిపోవును, ముల్లు దిగును. సందు రెండింతలైనచో కాఱుడు రెండింతలు కాదు, సుమారు ఎనిమిదింతలగును. సందు యొక్క ఘనమును బట్టి కాఱుడు పెరుగుట దీనికి కారణము. అట్టి ఇంజనునకు పెద్ద పంపు పెట్టుట చిల్లుకుండకు పెద్ద చెంబుతో నీరు పోయుట వంటిది. ముల్లు కొంత లేచును, రైతు సంతోషించును, బేరింగు మాత్రము లోపల చెడుచునే యుండును.

కాబట్టి మొదట చూడవలసినవి ఇవి. నూనె పలుచబడినదా? డీసెలు కలిసినచో వాసననుబట్టి తెలియును. సంపులోని జల్లెడకు మడ్డి పట్టినదా? పీల్చు గొట్టపు కీలు వదులై గాలి లాగుచున్నదా? ఒత్తిడి విడుచు మూత క్రింద చెత్త చిక్కి అది తెఱచుకొనియున్నదా? గేజియే తప్పు చూపుచున్నదా? వేఱొక మంచి గేజి పెట్టి సరిచూడవలెను. ఇవన్నియు చక్కగా నుండి, బేరింగుల సందు కొలిచి సరిగా నున్నదని తేలి, పంపు చక్రములే అరిగినవని కనబడినప్పుడే పంపు మాట తలపెట్టవలెను. అప్పుడైనను పాత పంపు మూతను చదునుచేసి, క్రొత్త చక్రములు వేసి బాగుచేయించుటకు వీలున్నదేమో ముందు విచారింపవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

నాలుగు పోలికలు

పాత పంపును, తెచ్చిన పంపును బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి నాలుగు సంగతులు పోల్చవలెను.

మొదటిది తిరుగు దిక్కు. పంపు తలక్రిందుగా తిరిగినచో పీల్చు రంధ్రము త్రోయు రంధ్రమగును. నూనె పైకి పోక, పైనున్న గాలి సంపులోనికి త్రోయబడును.

రెండవది పరిమాణము. చక్రముల వ్యాసమును పండ్లును ఒకటియే యైనచో, వెడల్పును బట్టి నూనె వచ్చును. 24 మిల్లీమీటర్ల వెడల్పునకు మాఱు 30 ఉన్నచో నాలుగవ వంతు ఎక్కువ వచ్చును. అయితే వేగమును కూడ లెక్కింపవలెను. క్రాంకుతో సమానముగా నిమిషమునకు 1500 చుట్లు తిరుగుటకు చేసిన పంపును, 750 చుట్లు తిరుగు కాము ఇరుసునకు తగిలించినచో సగమే వచ్చును. కొంచెము ఎక్కువైన బాధ లేదు. మిక్కిలి ఎక్కువైనచో మిగులు నూనె విడుపు మూతగుండ ఊరక తిరుగుచు వేడెక్కును, ఇంజను బలము కొంత తినును. తక్కువగుట మాత్రము పనికిరాదు.

మూడవది పంపును త్రిప్పు చక్రము. వాలు పండ్లైనచో వాలు ఏ వైపునకో, పంటి పరిమాణమెంతయో సరిపోవలెను. నాలుక, గాడి పద్ధతియైనచో నాలుక గాడిలో ఎంత లోతు దిగుచున్నదో కొలువవలెను. అంచున మాత్రము పట్టిన నాలుక కొన్నాళ్లకు విఱుగును. అప్పుడు ఇంజను తిరుగుచునే యుండును, నూనె మాత్రము పోదు.

నాలుగవది ఒత్తిడి విడుచు మూత. కొన్ని ఇంజనులలో అది పంపులోనే యుండును, కొన్నింట దిమ్మలో నుండును. పాత పంపులో నుండి క్రొత్తదానిలో లేనిచో దానిని వేఱుగా అమర్పక తప్పదు. లేనిచో చలికాలపు ఉదయమున చిక్కనైన నూనెను త్రోయుచు పంపు, జల్లెడ పెట్టె గ్యాస్కెట్టును చీల్చును, లేదా తన చక్రమునే విఱుచుకొనును.

కోతకంటె పలక మేలు

నాలుగును కుదిరి, బోల్టు రంధ్రములును నూనె దారులును మాత్రము తప్పినచో, దిమ్మను ముట్టవలసిన పని లేదు. 10 లేక 12 మిల్లీమీటర్ల ఉక్కు పలకను నడుమ వేసి, దాని ఒక ముఖము దిమ్మకును, రెండవ ముఖము పంపునకును సరిపోవునట్లు రంధ్రములు వేయింపవచ్చును. దారి మళ్లవలసినచోట పలకలోనే గాడి తీయింపవచ్చును. పని చెడినచో పలక పోవును, దిమ్మ మిగులును. కాని పలక ఎంత మందమో పంపు అంత వెనుకకు జరుగునని మఱువరాదు. పంపు ఇరుసును పొడిగింపవలెను, లేదా పొడుగు ఇరుసుగల పంపునే చూడవలెను. సంపులో చోటు చాలునో లేదో, జల్లెడ అడుగు తాకకుండ నూనెలో మునిగియుండునో లేదో కూడ చూడవలెను.

దిమ్మను కోయవలసివచ్చినచో

పంపు పెట్టె దిమ్మ అంచునకు తగులుటచేతనో, చక్రము తిరుగుటకు చోటు చాలకనో కోత తప్పనిసరియైనప్పుడు, గోడ ఎంత మందమున్నదో ముందు తెలియవలెను. ఆ గోడ వెనుక నీటి అఱ యుండవచ్చును, నూనె దారి యుండవచ్చును. దీనికి నేను చూచిన మేలైన మార్గమొకటి కలదు: పాత ఇనుము అంగడిలో అదే రకపు పగిలిన దిమ్మను తూకమునకు కొని, కోయదలచినచోట రంపముతో కోయించి లోపల చూచుట. ఆ ఖర్చు స్వల్పము. అది ఇచ్చు ధైర్యము గొప్పది.

గుర్తులు పెట్టుటకు దళసరి అట్ట చాలును. పాత శుభలేఖ అట్టనైనను పంపు ముఖముపై పఱచి, నూనె మసి అంటిన వ్రేలితో రుద్దినచో రంధ్రముల అంచులన్నియు అచ్చుపడును. దానిని కత్తిరించి దిమ్మపై పెట్టి, గీతలు గీచి, రెండు మాఱులు కొలిచి పిమ్మట డ్రిల్లు పట్టవలెను. బోల్టులు బిగువును మాత్రము ఇచ్చును. స్థానము నిలుపుటకు రెండు చీలలు వేయుట మంచిది. ముఖము చదునుగా నున్నదని నీలిరంగు పూసి చూడవలెను. పీల్చు వైపున వెండ్రుకవాసి సందున్నను పంపు నూనెకు మాఱు గాలి పీల్చును. అంతయు బిగించిన తరువాత క్రాంకును చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పవలెను. ఎచ్చటనైన పట్టినట్లు తోచినచో బలవంతము చేయక విప్పి చూడవలెను.

నా అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు ఇంజనునకు ఇట్టి మార్పు నా సలహాపైననే జరిగినది. కొలతలన్నియు సరిపోయినవి. నూనె దారిని కొంచెము పెద్దది చేయించితిమి. ఊడ్పులు దగ్గఱపడినవి, మేస్త్రీ గుడ్డతో తుడిచి, "గాలి కొట్టితిని, అయ్యగారూ, శుభ్రముగా నున్నది" అనెను. నేనును సరే యంటిని. ఇంజను మూడు దినములు చక్కగా నడచినది. నాలుగవనాడు మ్రోత పుట్టినది. విప్పి చూడగా బేరింగులనిండ బూడిదరంగు గీఱులు. క్రాంకు ఇరుసు కూడ సానపట్టవలసివచ్చెను. పోత ఇనుప రజను దారి మలుపులో నిలిచియుండి, నూనెతో కలిసి పోయినది. పది దినములు ఇంజను లేదు. ఆ రైతు నాతో, "అయ్యగారూ, మా నారు ముదిరిపోయినది, ఎవరివద్దనైన నారు మిగిలియున్నదేమో కనుగొని చెప్పుడు" అనెను. ఆ మాట నేను మఱువలేదు. మేస్త్రీ తొందరపడెను, తొందరపడనీయకుండ చూడవలసినవాడను నేను.

అందుచే చెప్పుచున్నాను. కోయుటకు ముందు క్రాంకును బేరింగులను తీసివేయవలెను. దారులన్నిటికి గుడ్డ కుక్కవలెను. డ్రిల్లు మొనకు గ్రీజు పూసినచో రజను దానికి అంటుకొనును. కోత ముగిసిన పిమ్మట దారుల బిరడాలన్నియు ఊడదీసి, పొడుగు కుంచెతో మొదట కిరసనాయిలు, తరువాత వేడి సబ్బునీరు పోసి కడుగవలెను. తెల్లని గుడ్డను దారిలో దూర్చి లాగినప్పుడు అది తెల్లగానే బయటికి రావలెను. అంతవరకు కడుగుడు ముగియలేదు. ఆఱిన వెంటనే నూనె పూయనిచో త్రుప్పు పట్టును.

మొదటి నడక

ఇల్లు అలుకగానే పండుగ కాదు. పంపును బిగించునప్పుడే లోపల నూనె నింపవలెను. పొడి చక్రములు నూనెను పీల్చలేవు. డీసెలు కట్టి, ఒత్తిడి లివరు ఎత్తి, గేజి ముల్లు కదలువరకు చేతితో త్రిప్పవలెను. పిమ్మట బరువు లేకుండ పది నిమిషములు నడిపి, ఆపి, బేరింగుల వేడి చూడవలెను. ఇంజను కాగిన తరువాత నిండు వేగమున ఒత్తిడి తయారీదారు పుస్తకములోని అంకెకు సరిపోవలెను. అనేక ఇంజనులకు అది చదరపు సెంటీమీటరునకు 2 మొదలు 4 కిలోల నడుమ నుండును. ముల్లు నిలువక ఊగినచో గాలి పీల్చుచున్నదని అనుమానింపవలెను. మొదటి ఐదారు గంటలు నడచిన పిమ్మట నూనె అంతయు తీసివేసి, అందు అయస్కాంతము త్రిప్పి చూచి, క్రొత్త నూనె పోయవలెను.

సంఘము చేయదగినది

ఈ పనిని ఊడ్పుల నడుమ ఎన్నడును చేయరాదు. వేసవిలో, కాలువలు కట్టియున్నప్పుడు, తీరికగా చేయవలెను. ఒక్కొక్క రైతు ఒంటరిగా చేయుటకంటె సంఘము పూనుకొనుట మేలు. సభ్యుల ఇంజనుల రకము, నంబరు, పంపు వెడల్పు ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, ఒకే రకపు ఇంజనులుగల పదిమంది కలిసి ఒక అదనపు పంపును తెప్పించి సంఘమునందుంచుకొనవచ్చును. మంచి ఒత్తిడి గేజి యొకటి, సందులు కొలుచు రేకుల కట్ట యొకటి, ఒకసారి సరిపోయిన అట్ట కత్తిరింపును సంఘపు బీరువాలో నుండదగినవి. 1904 నాటి చట్టముతో మన దేశమున సహకార పరపతి సంఘములు ఏర్పడినది, ఒక్కడు మోయలేని అప్పును పదిమంది పూచీతో తేలిక చేయుటకే గదా. ఒక్కడు కొనలేని పనిముట్టు విషయమునను ఆ న్యాయమే చెల్లును.

రాబోవు వేసవిలోపల మీ ఇంజను నూనె ఒత్తిడిని, కాగిన పిమ్మట, ఒకసారి చూచి వ్రాసి పెట్టుకొనుడు. గత సంవత్సరపు అంకెతో పోల్చి చూచినచో, బేరింగు మ్రోత పుట్టక మునుపే మీకు సంగతి తెలియును.