ఫైలు నుండి ద్విపరిమాణ శ్రేణికి: తాండూరు, వికారాబాదుల వర్షపాత దత్తాంశ పఠనం

సారాంశం: ఫైలులోని సంఖ్యలు ఒకే వరుసగా ఉంటాయి. వాటిని అడ్డు, నిలువు వరుసలుగా అమర్చేది చదివే ప్రోగ్రాము. ఆ అమరికలో కొలతలు తారుమారైనా ప్రోగ్రాము ఆగదు. సహజంగా కనిపించే తప్పు ఫలితాన్ని ఇస్తుంది. భారత వాతావరణ శాఖ వర్షపాత దత్తాంశం ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: ద్విపరిమాణ శ్రేణి, దత్తాంశం, గ్రిడ్, వర్షపాతం, తాండూరు, వికారాబాదు.

1. ఉపోద్ఘాతం

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ప్రధానంగా వర్షాధార పంట. ఏ రోజున ఎంత వాన కురిసిందన్న సమాచారం లేనిదే దాని దిగుబడిపై పరిశోధన సాగదు. ఇందుకు 1901 నుండి లభ్యమవుతున్న వాతావరణ శాఖ గ్రిడ్ దత్తాంశం ఉపకరిస్తుంది.

2. ఫైలు నిర్మాణం

ఈ గ్రిడ్‌లో బిందువుల మధ్య దూరం 0.25 డిగ్రీలు. ఉత్తర అక్షాంశం 6.5 నుండి 38.5 వరకు 129 అడ్డువరుసలు, తూర్పు రేఖాంశం 66.5 నుండి 100 వరకు 135 నిలువువరుసలు ఉంటాయి. అంటే రోజుకు 17,415 సంఖ్యలు. ఒక్కో సంఖ్యకు 4 బైట్ల చొప్పున 365 రోజుల ఫైలు పరిమాణం 2,54,25,900 బైట్లు. దేశ సరిహద్దుకు వెలుపలి బిందువులలో -999 ఉంటుంది. సంఖ్యలు దక్షిణం నుండి ఉత్తరానికి, ప్రతి అడ్డువరుసలో పడమర నుండి తూర్పుకు నమోదై ఉంటాయి.

3. స్థాన నిర్ణయం

సున్నా నుండి లెక్కిస్తే తాండూరుకు సమీప బిందువు (17.25, 77.5) 43వ అడ్డువరుస, 44వ నిలువువరుసలోను, వికారాబాదుకు సమీప బిందువు (17.25, 78.0) అదే అడ్డువరుస, 46వ నిలువువరుసలోను ఉంటాయి.

ఫైలులో స్థానం = అడ్డువరుస సంఖ్య × 135 + నిలువువరుస సంఖ్య

దీని ప్రకారం తాండూరు స్థానం 5,849. వికారాబాదు స్థానం 5,851.

4. కొలతలు తారుమారైతే

శ్రేణిని 129 × 135కు బదులు 135 × 129గా ప్రకటించామనుకుందాం. మొత్తం సంఖ్య మారదు కనుక పరిమాణ పరీక్ష ఈ దోషాన్ని పట్టుకోలేదు. అయితే అడ్డువరుసకు 6 చొప్పున సంఖ్యలు జరిగిపోతాయి. తాండూరుకు 5,591వ సంఖ్య వస్తుంది; అది విజయవాడకు ఉత్తరాన ఉన్న బిందువు (16.75, 80.5). వికారాబాదు పేరిట వచ్చేది ఏలూరు సమీప బిందువు (16.75, 81.0). రెండు ప్రాంతాలకూ నైరుతి రుతుపవనాలు వర్షాన్నిస్తాయి కనుక ఆ అంకెలు చూసి అనుమానం కలగదు. కంది దిగుబడిని మాత్రం కృష్ణా, గోదావరి ప్రాంతాల వానతో పోల్చినట్లవుతుంది.

5. పరీక్షా విధానం

ఒక రోజు దత్తాంశాన్ని తీసుకొని -999 ఉన్నచోట చుక్కను, తక్కినచోట నక్షత్రాన్ని ముద్రించాలి. మొదటి వరుస దక్షిణపు కొస కనుక వరుసలను కింది నుండి పైకి పేర్చాలి. కొలతలు సరైనవైతే భారతదేశ రూపురేఖ స్పష్టపడుతుంది. తారుమారైతే అది ఏటవాలుగా చెదరిపోతుంది. సగటు లెక్కించే ముందు -999 విలువలను తొలగించడం కూడా తప్పనిసరి.

6. ముగింపు

సి భాష శ్రేణిని అడ్డువరుసల క్రమంలో, ఫోర్ట్రాన్ నిలువువరుసల క్రమంలో నిల్వ చేస్తాయి. అందువల్ల పరిశోధకులు తమ వ్యాసాలలో దత్తాంశ మూలంతో పాటు శ్రేణి కొలతలను, పఠన క్రమాన్ని, పరీక్షించిన విధానాన్ని కూడా పేర్కొనడం అవసరం.