మా ఖోలీల కట్టిన బెల్లం ఇల్లు

పోయిన డిసెంబరు నెలల మా మనుమరాలు బడి నుంచి వచ్చి, సంచి కింద పెట్టకముందే "తాతా, మనం జింజర్‌బ్రెడ్ హౌస్ కట్టాలె" అన్నది. ఐదో తరగతి చదువుతది. ఆమె చెప్పిన దాంట్ల నాకు ఇల్లు అన్న మాట ఒక్కటే సమజైంది. మా బిల్డింగుకు కట్టె టేకులు పెట్టి మూడేండ్లు అయితుంది. మ్హాడా వచ్చి కామాఠిపుర మొత్తం మళ్ల కడతదని గల్లీగల్లీకి మీటింగులు నడుస్తున్నయి. అందుకని ఇల్లు అనే మాట చెవుల పడితే ఈ మధ్య నాకు కడుపుల ఒక తీరు అయితది.

కోడలు ఫోన్‌ల బొమ్మ చూపెట్టింది. సొంటి, బెల్లం వేసిన గట్టి బిస్కెట్టుతోని గోడలు, కప్పు చేసి, చక్కెర ముద్దతోని అతికిస్తరట. బడిల క్రిస్మస్‌కు ఎవరికి వాళ్లు ఇంట్ల చేసి తేవాలన్నరట.

"అంటే తినే వస్తువుతోని బొమ్మరిల్లు కట్టి, తినకుండ చూసుకుంట కూసుండుడా?" అని అడిగిన. కొంచెం గట్టిగనే అడిగిన. పిల్ల మొకం చిన్నగ అయింది.

నేను అట్ల ఎందుకన్ననో మన మిల్లు కుటుంబాలకు విడమర్చి చెప్పే పని లేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ ఎనక రెండున్నర లక్షల మందిమి సాంచాలు ఆపి బయటికి వచ్చినం. ఆ సమ్మె అయిపోయిందని ఇయ్యాల్టి దాక ఎవ్వరూ అధికారికంగ చెప్పలే. అప్పుడు నాకు ఇరవై ఏడేండ్లు. మా పెద్దోడు పాలు తాగే పిలగాడు. మా ఇంటామె రోజంత బీడీలు చుట్టి మా కడుపులు నింపింది. అప్పుడు మా ఇంట్ల బెల్లం గడ్డను కాయితంల చుట్టి, దారం కట్టి, పై మేకుకు వేలాడదీసేది. పండుగ నాడే విప్పేది. పొద్దున ఛాయ్‌ల కూడ వేసుకోలే. ఇప్పుడు పావు కిలో బెల్లం తోని బొమ్మరిల్లు అంటే నా నోటికి ఆ మాట వచ్చింది.

మా ఇంటామె పొయ్యి కాడ నుంచే అన్నది: "ఆ కరువు నేను సూడలేదా? దారం కట్టింది నేనే కద. పిల్ల అడిగింది, కట్టియ్యి. మీ తాతలు బొంబాయి వచ్చిందే ఇండ్లు కట్టనీకి."

ఆ మాట నిజమే. మన కామాఠిపురకు ఆ పేరు వచ్చిందే కామాఠోళ్ల వల్ల. నిజాం ఇలాక నుంచి, ఇప్పటి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి రాళ్లు మోసి, సున్నం కలిపి, ఈ పట్నాన్ని కట్టినోళ్లు వాళ్లు. 1780ల్ల హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట కట్టి సముద్రం నీళ్లు ఆపినంకనే ఈ పల్లపు జాగలు ఎండి, జనం ఉండేటట్టు అయినయి. అసొంటి జాగల మనోళ్లు గుడిసెలు వేసుకున్నరు. మంది కోసం కట్టిన బంగళాలు ఎన్నో, తమ కోసం కట్టుకున్నది ఒక్క ఖోలీ. సరే, అది వేరే ముచ్చట.

బెల్లం ఇల్లు ముచ్చట మాత్రం జర్మనీ దేశం నుంచి వచ్చిందట. అక్కడ నూరెంబర్గ్ అనే ఊరు ఈ మసాల రొట్టెలకు పాత కాలం నుంచి పేరు. 1812ల గ్రిమ్ అన్నదమ్ములు అచ్చేసిన కథల పుస్తకంల అడవిల తప్పిపోయిన అన్నాచెల్లెకు ఒక ఇల్లు కనపడతది. రొట్టె గోడలు, కేకు కప్పు, చక్కెర కిటికీలు. తిండి లేక తల్లిదండ్రులు అడవిల ఇడిసిపెట్టిన పిల్లలు వాళ్లు. మనుమరాలు ఈ కథ చదివి వినిపిస్తే నేను కొద్దిసేపు ఏం మాట్లాడలే. ఆకలి మీద ఉన్న పిల్లలే అసొంటి ఇల్లు కలగంటరు.

మొదటిసారి కట్టినప్పుడు కూలింది. అది ముందు చెప్తా, మీకు పనికొస్తది. పిండి మెత్తగ కలిపినం, ఫోన్‌ల చూసి చెంచెడు సోడా వేసినం. కుక్కర్‌ల ఉప్పు పోసి, సీటీ తీసి, లోపట పళ్లెం పెట్టి కాల్చినం. ముక్కలు పూరీల లెక్క ఉబ్బినయి, అంచులు గుండ్రంగ అయినయి. ఒక అంచు ఇంకొక అంచుకు కూసోలే. అదే రాత్రి వేడివేడిగ అతికించినం. పొద్దున లేచి చూస్తే కప్పు జారి కింద పడ్డది, ముందు గోడ లోపటికి పడుకున్నది. పిల్ల ఏడ్వలే గని, "మన బిల్డింగు కూడ గిట్లనే అయితదా తాతా?" అని అడిగింది. ఆ మాటకు నాకు నిద్ర పట్టలే. రెండోసారి నేను నా పని లెక్క పట్టుకున్న.

నేను మిల్లుల సైజింగ్ ఖాతాల ఎనిమిదేండ్లు చేసిన. సమ్మె తర్వాత మిల్లు నన్ను మళ్ల తీసుకోలే, భివండి పోయి పవర్‌లూమ్‌ల మీద బతికిన. గని చెయ్యికి వచ్చిన మొదటి విద్య గంజిదే. పోగుకు గంజి తక్కువైతే సాంచా మీద నూగు లేచి తెగుతది. ఎక్కువైతే పెళుసై తెగుతది. గంజి పట్టించినంక మంచిగ ఆరకపోతే రెండూ కాకుండ అయితది. ఈ బెల్లం ఇంటికి కూడ అదే లెక్క.

ఈసారి అర కిలో మైద, పావు కిలో బెల్లం, 125 గ్రాముల డాల్డా తీసుకున్నం. వెన్న ఉంటే వెన్న, గని డాల్డాతోని ముక్క ఇంకా గట్టిగ వస్తది. బెల్లంల నాలుగు చెంచాల నీళ్లు పోసి కరగబెట్టి, వడగట్టి, డాల్డా కలిపి, గోరువెచ్చగ అయినంక పిండిల పోసినం. రెండు చెంచాల సొంటి పొడి, ఒక చెంచ దాల్చినచెక్క, నాలుగు లవంగాలు దంచి వేసినం. సోడా చిటికెడే. అసలే వెయ్యకున్నా నష్టం లేదు, ఇల్లు ఉబ్బాల్సిన పని లేదు కద. ముద్ద పూరీ పిండి కంటె గట్టిగ ఉండాలె. తడిగుడ్డ కప్పి ఒక గంట పక్కన పెడితే సాగకుండ ఒత్తనీకి వస్తది.

కొలతలు ముందు అట్టముక్క మీద గీసినం. పాత క్యాలెండరు అట్ట సరిపోయింది. ముందు గోడ, ఎనక గోడ 6 అంగుళాల వెడల్పు, పక్కలకు 4 అంగుళాల ఎత్తు, నడుమ మొన ఆరున్నర. పక్క గోడలు 6 పొడవు, 4 ఎత్తు. కప్పు పలకలు రెండు, 7 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు. అట్టముక్కలను టేపుతోని ఒకసారి నిలబెట్టి చూసినంకనే పిండి కోసినం. అట్టతోని నిలవనిది బిస్కెట్టుతోని నిలుస్తదా? పిండిని చిటికెన వేలు సగం మందంగ ఒత్తాలె, అన్ని జాగల ఒక్క తీరు. కోసిన ముక్కలను చేతితోని ఎత్తితే సాగిపోతయి. నూనె కాయితం మీదనే ఒత్తి, దాని మీదనే కోసి, కాయితంతోని సహ ట్రేలకు జరిపినం.

కాల్చే పని బేకరీల. దీపావళికి నాన్‌ఖటాయి పిండి కలుపుకొని బేకరీల కాల్పిచ్చుకునేది మన ఆడోళ్లకు తెల్వని పనా? మా గల్లీ ఎనక బేకరీల పావ్ తీసినంక భట్టీ వేడి కొద్దిగ దిగుతది, ఆ టైముకు ట్రేలు తీసుకపోయినం. బేకరీ పిలగాడు అట్టముక్క మీది గీతలు చూసి "చాచా, ఏం నక్షా ఇది?" అని నవ్విండు. కిటికీ బొక్కలల్ల నారింజ రంగు పిప్పరమెంటు బిళ్లలు దంచి పోసిన. వేడికి కరిగి, ఆరినంక అద్దం లెక్క గడ్డ కట్టినయి. ఆ భట్టీల పావు గంటకు అంచులు ఎర్రబడ్డయి. తీయంగనే, వేడి మీదనే, అట్టముక్క మళ్ల పెట్టి పొంగిన అంచులను చాకుతోని సాపుగ కోసినం. చల్లగ అయినంక కోస్తే పెంకులు లేస్తయి. ఇల్లు నిలబడుడు అంతా ఈ ఒక్క పని మీదనే ఉన్నదని నాకు తర్వాత తెలిసింది.

ఇంటికి తెచ్చి వెంటనే అతికించనియ్యలే. మోరీకి, పొయ్యికి దూరంగ, మంచం మీద పేపర్ల మీద పరిచి రాత్రంత ఆరనిచ్చినం. ఆ రాత్రి నేను గ్యాలరీల పండుకున్న.

అతికించే దానికి ఫోన్‌ల చెప్పింది గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి. ఒక సొనకు పావు కిలో దాక చక్కెర పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం. చెంచ ఎత్తితే జారకుండ నిలవాలె. మా ఇంటామె దీనికి ఒప్పుకోలే. "అరిసెల పాకం పట్టే చెయ్యి నాది" అని చక్కెర పాకం ముదురుగ పట్టింది. నీళ్ల గిన్నెల చుక్క వేస్తే గట్టి గోలీ అయి, పళ్లానికి కొడితే ఠంగుమన్నది. ఈ పాకం నిమిషంల పట్టుకుంటది, జరపనీకి టైము ఇయ్యది. చర్మానికి అంటితే ఊడి వస్తది. పిల్లలను దగ్గర రానియ్యొద్దు. మేం గోడలకు పాకం, పై అలంకారానికి సొన ముద్ద వాడినం. ఇద్దరి మాట నెగ్గింది.

గోడలు నాలుగు నిలబెట్టి, లోపట రెండు పక్కల, బయట రెండు పక్కల స్టీలు డబ్బలు ఆనించినం. మనుమరాలు వాటికి "టేకులు" అని పేరు పెట్టింది. నాలుగు గంటలు ఆగినం. గోడలు పట్టినంకనే కప్పు. కప్పు పలకలు జారకుండ కింద రెండు గ్లాసులు పెట్టి ఇంకొక రాత్రి ఇడిసినం. ఆగుడు ఒక్కటే ఈ పనిల కష్టం. పిల్ల గంటకొకసారి వచ్చి వేలుతోని మెల్లగ తట్టి చూసి పోయేది.

ఇక పిల్ల చేసిన పని చెప్పాలె. బొమ్మల పొగగొట్టం, మంచు, గంటలు ఉన్నయి. ఆమె అవి పెట్టలే. ముందు గోడకు సన్న బిస్కెట్టు పట్టీలతోని గ్యాలరీ కట్టింది, దానికి దారం కట్టి కాయితం బట్టలు ఆరేసింది. కప్పు మీద గ్లూకోజ్ బిస్కెట్లు విరిచి మంగుళూరు పెంకుల లెక్క వరుసగ పేర్చింది. తలుపు పక్కన చిన్న అచ్చుముద్ద పెట్టి, "ఇది నాయినమ్మ తులసి" అన్నది. మన ఖోలీ నంబరు తలుపు మీద రాసింది. నేను మొకం అటు తిప్పుకొని కండ్లజోడు తుడుచుకున్న.

చీమలకు స్టూలు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టినం, ఎలుకలకు పైన జాలీ బుట్ట బోర్లించినం. చాల్‌ల ఉండేటోళ్లు ఈ రెండు మర్చిపోతే తెల్లారేసరికి పునాది ఉండది. బేకరీ కుదరనోళ్లు వట్టి గ్లూకోజ్ బిస్కెట్లు, సొన ముద్దతోని చిన్న ఇల్లు కట్టొచ్చు. ఇరవై, ముప్పై రూపాయల పని. కింది ఖోలీ పిల్లలు అట్లనే కట్టిండ్రు, అదీ నిలిచింది.

బడికి ట్యాక్సీల పోయినం, ఇల్లు నా ఒళ్లె. గతుకుల మీద ఒక్క పెంకు ఊడింది అంతే. వారం తర్వాత ఇంటికి తిరిగి వచ్చింది. జనవరి ఒకటి నాడు పలగ్గొట్టి పంచుకుందామని ముందే అనుకున్నం గని, ఆ రోజు ఎవరికీ చెయ్యి లేవలే. నాలుగో తారీకు నాడు మనుమరాలే "చీమలకు పోతది, మనమే తిందాం" అని కప్పు మీద రెండు చేతులు పెట్టి ఒత్తింది. పలగలే. మా కొడుకు వచ్చి కల్‌బత్తాతోని కొడితే అప్పుడు పలిగింది. ఫ్లోరు మీది పద్నాలుగు ఖోలీలకు తలా ఒక ముక్క పోయింది. నంబరు రాసిన తలుపు ముక్క నాకు ఇచ్చింది. పండ్లకు గట్టిగ ఉంటే ఛాయ్‌ల ముంచుకొని తిన్న. సొంటి కారం బాగనే తగిలింది.