ఆల్కాట్ ఉత్తరాలు, మన ఉత్తరాలు

హెన్రీ స్టీల్ ఆల్కాట్ (1832-1907) అమెరికన్. చచ్చినోళ్ల ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మినవాడు. 1875లో న్యూయార్కులో దివ్యజ్ఞాన సమాజం పెట్టినవాళ్లలో ఒకడు. ఆయనే 1894లో మద్రాసులో పంచమ పిల్లలకు ఉచిత బడి తెరిచాడు. 1898లో, బౌద్ధం కావాలని వచ్చిన అయోతిదాస్‌తో కలిసి కొలంబో వెళ్లాడు.

ఆయన డైరీలు, ఉత్తరాలు అడయారులో భద్రంగా ఉన్నాయి. వాటిని చదవాల్సిందే. కానీ బడి పెట్టినాయన రాత ఒక్కటే మిగిలితే చరిత్ర దాత కథ అయిపోతుంది, బడికొచ్చినోళ్లు అందులో లెక్కగానే మిగులుతారు. అయోతిదాస్ 1907లో సొంత పత్రిక పెట్టాడు గనుక ఆయన మాట ఆయన నోటనే మనకు దక్కింది.

కొత్తగూడెం బొగ్గుబాయిల్లో దిగిన మన తాతలు రాయించుకున్న ఉత్తరాలకు అడయారు లేదు. ఉంటేగింటే ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. చెదలు పట్టకముందే నకళ్లు తీద్దాం. ఎవరు, ఎవరికి, ఏ ఏడు రాయించారో పెద్దల్నడిగి రాసిపెడదాం.